చెవి పైన నాలుగు వేళ్ళు

సచివాలయం కుర్రాడు గుమ్మం ఎక్కలేదు.
పడవ కట్టే రాటకి బండి ఆనించి,
"అత్తా, మావయ్య సదరం గడువైపోయింది,
మళ్ళీ చూస్తారంట, పాత కాయితాలన్నీ పట్టుకెళ్ళండి" అన్నాడు.
నోటీసు అందినట్టు సంతకం అడిగాడు.
మా ఆయన ఎడం చేత్తో పెట్టాడు,
దొరబాబు అని, 'ర' కాస్త పక్కకి ఒరిగి.

కాయితాలు ఎక్కడున్నాయో నాకు తెలుసు.
ఎలా ఉన్నాయో తెలీదు.
వరదొచ్చిన ఏడు ఏటిగట్టు మీద
టార్పాలిన్ కింద పదకొండు రోజులున్నాం,
ఆ రేకు డబ్బా కూడా మాతోనే ఉంది.
మూత బిగుతు లేదు.
డిశ్చార్జి కాయితం మడతల దగ్గర అప్పడంలా విరిగింది.
ఏది ఎముక పేరో, ఏది తారీకో,
డాక్టరుగారి రాతంతా పాకి ఒకటే నీలి మరక.
ఎక్స్‌రే మాత్రం వరదకి పోలేదు.
పక్కింటి లోవరాజు కొడుకు గ్రహణం చూట్టానికి పట్టుకెళ్ళి
ముక్కలు కోసి పిల్లలందరికీ పంచాడు.
మా ఆయన భుజంలోంచి సూర్యుణ్ణి చూశారంతా.
నేనూ చూశాను.

పంటు దాటి, రెండు ఆటోలు మారి, అమలాపురం.
ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోమ్‌లో
ఇప్పుడు రొయ్యల మేత బస్తాలు.
పాత కంపౌండరు తాతారావుగారు అరుగు మీద దొరికారు.
"కొబ్బరి దింపు కేసు. ముసురు రోజు. కుడి భుజం.
నీ చేతిలో చంటిపిల్ల" అన్నారు.
అన్నీ నిజమే.
"రాసివ్వండి బాబూ" అన్నాను.
"నా జ్ఞాపకానికి స్టాంపు లేదమ్మా" అన్నారు,
టీ తాగి వెళ్ళమన్నారు.

కాకినాడ పెద్దాసుపత్రికి మూడుసార్లు.
మొదటిసారి రికార్డుల గుమాస్తా సెలవు.
రెండోసారి నంబరు లేదని తిప్పేశారు.
మూడోసారి నేనే బీరువాల మధ్య కూచుని
చెదలు వదిలేసిన పేజీలు తిప్పితే
గుబ్బల దొరబాబు, ముప్పై నాలుగు, చెట్టు మీంచి పడుట.
ఒకే ఒక్క వరస.
దాని జెరాక్స్ మీద గుండ్రటి ముద్ర వేయించుకుని
జాకెట్లో పెట్టుకొచ్చాను.
నరాల టెస్టుకి రెండు గొర్రెలు వెళ్ళాయి.
సంచీ సర్దుతుంటే ఆయన అడిగాడు,
"మోకు కూడా పెట్టనా?"
నవ్వాడో లేదో నేను చూళ్ళేదు.

ఆ మోకు వాసానికి వేలాడుతుంది.
రోజూ పొద్దున్నే దాన్ని పట్టుకుని
కుడి చేతిని పైకి లాక్కుంటాడు.
ఎంతవరకు వచ్చిందో గోడ మీద బొగ్గు గీత.
మొదటిది నడుం దగ్గర, చంటిది పుట్టిన ఏడు.
చంటిది బళ్ళో చేరిన ఏడు భుజం దగ్గర.
ఈ ఏడు చెవి దాకా.

క్యాంపు ముందు రాత్రి అన్నాను,
"రేపు చెవి దాకా లేపకు. భుజం దాకా చాలు."
పలకలేదు.
ఆయన పడుకున్నాక
గోడకి సున్నం కొడదామని గిన్నెలో కలిపాను.
తెల్లారేసరికి గిన్నెలోనే గడ్డకట్టింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కొలిచే బద్ద తీసింది.
"ఎంతవరకు లేస్తే అంతవరకు లేపండి" అంది.
ఏడేళ్ళుగా ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు.
కళ్ళు మూసుకున్నాడు.
మెడ నరం మోకులా బిగిసింది.
భుజం దాటింది.
నేను దగ్గాను.
చెవి దాటింది.
"వెరీ గుడ్" అందావిడ, రాసుకుంటూ.
ఆయన నా వేపు చూశాడు,
బళ్ళో బహుమతి వచ్చిన పిల్లాడిలా.

ఆ లేచిన చెయ్యి చెంబుడు నీళ్ళు మొయ్యదు.
అన్నం ముద్ద నోటి దాకా రాదు, ఒణుకుతుంది.
చెబుదామని నోరు తెరిచాను.
కాయితంలో దానికి గడి లేదు.
"తర్వాత ఎవరు?" అంటున్నారు.

పర్సంటేజీ ఫోన్‌కి మెసేజీ వస్తుందన్నారు.
తిరుగు పంటులో ఇద్దరం మాటాడుకోలేదు.
ఇంటికొచ్చాక చొక్కా విప్పకుండానే
బొగ్గు ఇమ్మన్నాడు.

ఇచ్చాను.